ఒడ్డున మిగిలిన తువ్వాలు

విశాఖపట్నంలో సూర్యుడు సముద్రంలో మునగడు. పొద్దున నీళ్ళలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల్లోకి దిగిపోతాడు. అందుకే రామకృష్ణా బీచ్ గట్టు మీద కూర్చున్నవాడికి ఆరు గంటల వేళ వీపు వెనక ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంటుంది, ఎదురుగా నీళ్ళు మాత్రం అప్పటికే బూడిద రంగుకు తిరిగిపోతాయి. డాల్ఫిన్స్ నోస్ మీద దీపం వెలిగే సమయానికి దూరాన కనిపించేది మనిషి తలో, పడవ ముక్కో, అల మీది నురగో తేల్చి చెప్పలేం. ఆ వెలుగులో ఒక మనిషి ఇంకొకణ్ని పట్టుకొని నీళ్ళలోకి అదిమితే, గట్టు మీద ముంత మసాలా తింటున్న వందమందిలో ఎందరు గమనిస్తారు? గమనించినవాళ్ళలో ఎందరు లేచి నిలబడతారు?

బీచ్‌కు వెళ్ళినవాడికి రావలసిన ఆలోచన కాదని నాకూ తెలుసు. ఒక ఫ్రెంచి సినిమా నాకు అంటించిన జబ్బు ఇది.

ఆ సినిమా పేరు ‘స్ట్రేంజర్ బై ది లేక్’. అలాన్ గిరోడీ తీసినది, 2013లో వచ్చింది. పెద్ద తారలు లేరు, సెట్టింగులు లేవు, పాటల సంగతి సరేసరి, నేపథ్య సంగీతం కూడా లేదు. ఒక సరస్సు, దాని ఒడ్డు, వెనక చిన్న అడవి, కార్లు ఆపుకొనే ఖాళీ స్థలం. ఈ నాలుగింటిని దాటి కెమెరా ఒక్క అడుగు బయటకు వెయ్యదు. కాన్ చిత్రోత్సవంలో ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగంలో ఉత్తమ దర్శకుడి బహుమతి, దానితోపాటు గే, లెస్బియన్ బతుకుల మీది సినిమాలకు అక్కడ ఇచ్చే క్వీర్ పామ్ కూడా దీనికి వచ్చాయి. ‘కాయే ద్యు సినెమా’ అనే ఫ్రెంచి సినిమా పత్రిక ఆ ఏడాది వచ్చిన సినిమాలన్నిటిలో దీన్నే మొదటి స్థానంలో పెట్టింది. ఈ బహుమతుల జాబితా చెప్పింది మిమ్మల్ని ఒప్పించడానికి కాదు. ఇంత పేరున్న సినిమాను నేను తప్పుగా అర్థం చేసుకున్నాననీ, అది తెలుసుకోవడానికి పదేళ్ళకు పైగా పట్టిందనీ చెప్పడానికి.

కథ చివరిదాకా చెప్పేస్తాను. ముందే తెలిస్తే పాడయ్యే కథ కాదు. హంతకుడెవరో సగానికి చాలా ముందే సినిమాయే చెప్పేస్తుంది.

ఎండాకాలం. మగవాళ్ళు కార్లు చెట్ల కింద ఆపి, కాలిబాట మీదుగా గులకరాళ్ళ ఒడ్డుకు దిగుతారు. ఈత కొడతారు, ఎండలో పడుకుంటారు, వెనక అడవిలోకి వెళ్ళి నచ్చినవాడితో కాసేపు గడిపి వస్తారు. అక్కడికి వచ్చేవాళ్ళందరూ అందుకే వస్తారు. ఫ్రాంక్ అనే యువకుడు రోజూ వస్తాడు. అందరికీ ఎడంగా, ఒంటరిగా కూర్చునే ఆన్రీ అనే బొద్దు మనిషితో కబుర్లు చెబుతాడు. మిషెల్ అనే మీసాల అందగాడి మీద మనసు పడతాడు. ఒక సాయంత్రం ఫ్రాంక్ అడవి అంచున నిలబడి చూస్తుండగా, మిషెల్ తన ప్రియుణ్ని నీళ్ళలో ముంచి చంపేస్తాడు. ఫ్రాంక్ ఎవరికీ చెప్పడు. చెప్పకపోగా అదే మిషెల్‌తో ప్రేమలో పడతాడు. కొన్నాళ్ళకు శవం దొరుకుతుంది, ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి ప్రశ్నలు మొదలుపెడతాడు. ఆన్రీకి నిజం అర్థమవుతుంది. చివర్లో కత్తి బయటకు వస్తుంది.

నేను దీన్ని మొదటిసారి చూసింది 2014 మొదట్లో. మా ఇంట్లోనే, అర్ధరాత్రి దాటాక, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, గదికి గడియ వేసి. అమ్మ నిద్రపోయాక కూడా ల్యాప్‌టాప్ వెలుగు తలుపు కింద నుంచి బయటకు పడకుండా దుప్పటి మడిచి అడ్డం పెట్టిన రోజులవి. నాకు అప్పటికే ముప్పై దాటాయి. నల్లకోటు వేసుకొని జిల్లా కోర్టుకు వెళ్ళే మనిషిని. అయినా దుప్పటి పెట్టాను. అంతకు కొన్ని వారాల క్రితమే, 2013 డిసెంబరు 11న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షనును సుప్రీంకోర్టు మళ్ళీ బతికించింది. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పుతో నాలుగేళ్ళు ఊపిరి పీల్చుకున్నవాళ్ళం, ఒక్క పూటలో మళ్ళీ నేరస్థులమైపోయాం. మరునాడు బార్ అసోసియేషన్ గదిలో ఆ తీర్పు మీద జోకులు నడుస్తుంటే నేను వకాల్తా కాగితాలకు దారం కడుతూ కూర్చున్నాను. ఒక దారానికి ఎన్ని ముళ్ళు వెయ్యవచ్చో ఆ రోజు తెలిసింది.

అదే ఏడాది ఎండాకాలంలో మా సీనియర్ ఆఫీసుకు ఒక కుర్రవాడు వచ్చాడు. డిగ్రీ చదివే వయసు. ఊరికి దూరంగా ఉన్న ఒక ఒడ్డున చీకటి పడ్డాక ఎవరినో కలిశాడు. ఆ మనిషి మాటల్లో పెట్టి, తర్వాత బెదిరించి, ఫోనూ ఉంగరమూ లాక్కొని బండి మీద వెళ్ళిపోయాడు. సీనియర్ గారు చెడ్డ మనిషి కాదు. అయినా ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “అక్కడికి ఆ వేళ ఎందుకు వెళ్ళావు బాబూ?” స్టేషనులో ఎవరైనా అడిగేదీ అదే. కుర్రవాడు బల్ల మీది ఫైళ్ళ ఎర్ర నాడా వైపు చాలాసేపు చూశాడు. కుడిచేతి ఉంగరపు వేలికి ఒక తెల్లటి చార ఉంది. ఎన్నో ఏళ్ళు ఎండ తగలని చర్మం అది. దాన్ని ఎడమచేతి బొటనవేలితో కప్పుతూ తీస్తూ, “కేసు వద్దు సార్. ఉంగరం ఒక్కటి దొరికితే చాలు. అమ్మ అడుగుతోంది” అన్నాడు.

కేసు పెట్టలేదు. ఉంగరం దొరకలేదు.

మన నేర విచారణ స్మృతిలో 39వ సెక్షను ఉండేది. ఇప్పుడు కొత్త చట్టంలో 33 అయింది. హత్య వంటి నేరం జరిగిందని తెలిసిన ప్రతివాడూ వెంటనే పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పాలి, సహేతుకమైన కారణం ఉంటే తప్ప. ఆ కారణం ఉందని రుజువు చేసుకొనే భారం మాత్రం చెప్పనివాడి మీదే. చదవడానికి ముచ్చటైన సెక్షను. కానీ పెద్దల మధ్య సమ్మతితో జరిగేదానికి 377 వర్తించదని సుప్రీంకోర్టు చెప్పిన 2018 సెప్టెంబరు 6 దాకా ఈ దేశంలో అటువంటి ఒడ్డున నిలబడి హత్యను చూసినవాడు పోలీసుల దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పాలి? ఒక నేరం గురించి చెప్పాలంటే ముందు తన ‘నేరం’ ఒప్పుకోవాలి. అతని సహేతుకమైన కారణం కూడా చట్టంలోనే, మరో నంబరు కింద, 1860 నుంచీ అచ్చయి ఉంది.

కాబట్టి నేను ఆ సినిమాను అలాగే చూశాను. ఫ్రాంక్ చెప్పకపోవడానికి కారణం భయమని, నోరు విప్పితే తన బతుకు బజారున పడుతుందని, అందుకే పాపం నలిగిపోతున్నాడని. అతని ముఖంలో మా కుర్రవాడి ముఖాన్ని అతికించుకొని, రెండు మూడు చోట్ల ఏడ్చాను కూడా. కొన్నేళ్ళపాటు తెలిసిన ప్రతివాడికీ ఈ సినిమాను అలాగే వివరించాను.

పోయిన వర్షాకాలంలో సీతమ్మధారలో సూరిబాబు ఫ్లాట్‌లో మళ్ళీ చూశాం. సూరిబాబు నాకన్నా ఆరేళ్ళు పెద్ద, బ్యాంకులో పనిచేస్తాడు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఎందుకో ఇళ్ళల్లో తెలుసు, చుట్టాలకు తెలియదు. మూడోవాడు కార్తీక్, ఇరవై నాలుగేళ్ళవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. గోడ మీద ప్రొజెక్టర్ వేసి, కిటికీలు బార్లా తీసి చూశాం. దుప్పట్లు ఏవీ అడ్డం పెట్టలేదు. హత్య జరిగింది. ఫ్రాంక్ చెట్ల వెనక నిలబడి చూశాడు, చీకటి పడేదాకా కదల్లేదు, తర్వాత ఇంటికి పోయాడు. మరునాడు మళ్ళీ వచ్చాడు. అప్పుడు కార్తీక్ చిప్స్ నములుతూ అన్నాడు, “పోలీసులకు ఒక్క ఫోను చేస్తే సరిపోయేది కదన్నా?”

నేనూ సూరిబాబూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ ఆలోచన మా ఇద్దరికీ ఎప్పుడూ రాలేదు.

అక్కడి నుంచి సినిమాను వేరే కళ్ళతో చూడాల్సి వచ్చింది. కార్తీక్ అడిగింది అమాయకపు ప్రశ్న కాదు, సరైన ప్రశ్న. ఫ్రాన్సులో స్వలింగ సంపర్కం నేరం కాకుండా పోయింది విప్లవకాలంలో, 1791 నాటి శిక్షాస్మృతితో. సమ్మతి వయసు విషయంలో మిగిలిన వివక్ష 1982లో పోయింది. ఈ సినిమా కాన్‌లో ప్రదర్శనకు వచ్చిన 2013 మే నెలలోనే అక్కడ స్వలింగ వివాహాల చట్టం అమలులోకి వచ్చింది. (‘స్వలింగ సంపర్కం’ అనే మాట నాకు నచ్చదు. కోర్టు గుమాస్తా రాసినట్టుంటుంది. కానీ చట్టం గురించి మాట్లాడేటప్పుడు చట్టం మాటే వాడాలి.) ఫ్రాంక్‌కు పోలీసుల భయం లేదు. ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడి అబద్ధం చెప్పేటప్పుడు గొంతు తడబడదు. తాను ఇక్కడికి ఎందుకు వస్తాడో దాచడు కూడా. దాచేది ఒక్క మిషెల్ సంగతే. అంటే ఆ మౌనానికి చట్టం ఇచ్చిన సాకు లేదు, సమాజం ఇచ్చిన సాకు లేదు. ఆ మనిషి కావాలి, అంతే. ఆ కావాలనుకోవడం ముందు నీళ్ళలో మునిగిపోయినవాడి ప్రాణం చిన్నదైపోయింది.

మా తరం ఇలాంటి కథను ఊహించుకోలేకపోయింది. మనకు తెలిసిన మౌనాలన్నీ భయంతో పుట్టినవే. ఈ కోవ సినిమాల చరిత్ర కూడా అక్కడే మొదలవుతుంది. 1961లో బ్రిటన్‌లో వచ్చిన ‘విక్టిమ్’లో డర్క్ బోగార్డ్ ఒక బారిస్టరు. తననూ తనలాంటివాళ్ళనూ బ్లాక్‌మెయిల్ చేస్తున్న ముఠాను పట్టుకోవడానికి తన వృత్తిని, పేరును పణంగా పెడతాడు. అప్పటి చట్టాన్ని అక్కడివాళ్ళు బ్లాక్‌మెయిలర్లకు రాసిచ్చిన హక్కుపత్రం అనేవారు. ఇంగ్లండులో ఆ చట్టం 1967లో మారింది. వకీలును కనుక ఆ సినిమా అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కానీ అందులో మంచివాళ్ళు భయపడతారు, చెడ్డవాళ్ళు భయపెడతారు. సానుభూతి ఎవరి మీద చూపాలో ప్రేక్షకుడికి ముందే తెలుసు. గిరోడీ ఆ సౌకర్యం మనకు ఇవ్వడు. భయాన్ని మొత్తం తీసి పక్కన పెట్టి, ఇప్పుడు చెప్పు, వీడు ఎందుకు నోరు మెదపలేదు అని అడుగుతాడు. ఈ సినిమాలోని మిస్టరీ అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపులో రోజుకు అర్ధరూపాయి ఇచ్చి చదివిన డిటెక్టివ్ నవలల్లో చివరి పేజీలో హంతకుడి పేరు ఉండేది. ఇక్కడ హంతకుడి పేరు మనకు తెలుసు, చూసినవాడి పేరూ తెలుసు. అయినా కథ తేలదు.

సినిమా బలం గురించి చెప్పాలంటే ఆ హత్య సన్నివేశం దగ్గరే ఎక్కువసేపు ఆగాలి. కెమెరా ఫ్రాంక్ కళ్ళ దగ్గర ఉంటుంది, అడవి అంచున, ఎత్తులో. దూరాన నీళ్ళలో రెండు తలలు. పొద్దు గుంకుతోంది. ఇద్దరూ ఆడుకుంటున్నారు. ఒకడు ఇంకొకడి తల నీళ్ళలోకి నొక్కుతాడు, వదులుతాడు, మళ్ళీ నొక్కుతాడు. ఎక్కడ ఆట ఆగి హత్య మొదలైందో చెప్పలేం. దగ్గరి షాట్ లేదు, కట్ లేదు, వాయిద్యం లేదు. కాసేపటికి ఒకే తల మిగులుతుంది. అది తాపీగా ఈదుకుంటూ ఒడ్డు వైపు వస్తుంది. మిషెల్ బట్టలు వేసుకుంటాడు, చుట్టూ చూస్తాడు, వెళ్ళిపోతాడు. అంతసేపూ మనం కూడా ఫ్రాంక్‌లాగే కదలకుండా చూస్తాం. అరవాలనిపిస్తుంది, కానీ మన పక్కన ఎవరూ అరవడం లేదు. ఛాయాగ్రాహకురాలు క్లేర్ మతోన్ సహజమైన వెలుతురుతోనే పనిచేసింది. ఆ సాయంత్రపు వెలుగు ఎంత అందంగా ఉంటుందంటే, చచ్చిపోయినవాడి గురించి బాధపడే లోపలే నీళ్ళ మీది రంగు మన కంటిని లాగేస్తుంది. మనల్ని ముగ్గులోకి దించడమంటే ఇదే.

మా సముద్రం ఇలా ఉండదు. ఇక్కడ అలల హోరులో పక్కవాడి మాట వినిపించదు. ఏటా ఎందరో కుర్రవాళ్ళు మోకాలి లోతులో నిలబడి ఫొటో దిగబోయి, లోపలికి లాగే ప్రవాహానికి కొట్టుకుపోతారు. ఈతకు దిగవద్దని బోర్డులు ఉంటాయి, గజ ఈతగాళ్ళు ఈల ఊదుతూ తిరుగుతారు. మా దగ్గర నీళ్ళలో చావు అంటే గోల. జనం, అరుపులు, పరుగులు, తాళ్ళు, తడిసిన బట్టలతో ఎవరిదో తల్లి. ఆ సరస్సులో చావుకు చప్పుడే లేదు. మరునాడు ఒడ్డున ఏమీ మారలేదు. చచ్చిపోయినవాడి తువ్వాలు పరిచినచోటే ఉంది. కారు చెట్ల కింద అలాగే ఉంది. రోజూ వచ్చేవాళ్ళు దాని పక్కనే తమ కార్లు ఆపుకొని, ఆ తువ్వాలును దాటుకొని వెళ్ళి తమ తువ్వాళ్ళు పరుచుకుంటారు. ఒకరికొకరు ఒంటి మీది పుట్టుమచ్చలు తెలిసినవాళ్ళే, పేర్లు మాత్రం తెలియవు. ఒక మనిషి రాలేదని ఎవరికి తడుతుంది?

ఆ తువ్వాలు షాట్ కొద్ది క్షణాలే. నా లెక్కలో సినిమా మొత్తానికి గుండెకాయ అది. ఇంత చిన్న వస్తువుతో ఇంత మాట చెప్పగలిగినవాడు తర్వాత చేసిన పొరపాటు వల్లే నాకు కోపం.

ఆ పొరపాటు పేరు ఇన్‌స్పెక్టర్ దామ్రోదేర్.

ముందు వకీలుగా నా అభ్యంతరం చెబుతాను. హత్య అనుమానం ఉన్న కేసులో ఒకే ఒక్క మనిషి చేతులు వెనక్కి కట్టుకొని పొదల్లో తిరుగుతుంటాడు. ఎప్పుడు చూసినా ఒంటరిగానే, ఎక్కడి నుంచో ఊడిపడతాడు. పంచనామా కనిపించదు, ఒక్క కాగితం మీద సంతకం పెట్టించుకోడు. మా దగ్గర అనుమానాస్పద మృతి అంటే కనీసం ఇద్దరు పంచాయతీదార్లు, ఒక కానిస్టేబులు, టీ తెచ్చేవాడు ఉంటారు. ఇదంతా పోనీ అనుకోవచ్చు. ఈ సినిమా వాస్తవాన్ని ఉన్నదున్నట్టు చూపించడానికి పుట్టలేదు, సరస్సులో పదిహేను అడుగుల జెల్లచేప ఉందని ముసలి కబుర్లు చెప్పుకొనే లోకం అది. నా అసలు గొడవ ఆయన మాటలతో. మీలో ఒకడు చచ్చిపోతే రెండు రోజులకే మళ్ళీ ఏమీ జరగనట్టు వచ్చి పడుకున్నారే, మీరు ఒకరినొకరు ప్రేమించుకొనే తీరు వింతగా ఉంది అనే అర్థం వచ్చేలా ఫ్రాంక్‌ను నిలదీస్తాడు. నిజమే, ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ మాట తువ్వాలు ఇదివరకే చెప్పింది కదా! నోరు లేని వస్తువు చెప్పినదాన్ని నోరున్న మనిషితో, అందులోనూ పోలీసుతో, మళ్ళీ చెప్పిస్తే అది ఉపన్యాసం అవుతుంది. ప్రేక్షకుడు తనంతట తాను సిగ్గుపడుతున్న క్షణంలో ఎవడో వచ్చి “సిగ్గుపడు” అంటే ఉన్న సిగ్గు కాస్తా పోతుంది.

సూరిబాబు దీనికి ఒప్పుకోడు. “ఆ మాట ఎవరో ఒకరు అనాలి. మనం అనుకోం కదా” అంటాడు. ఇరవై ఏళ్ళుగా తెలిసిన ఒకాయన కరోనా రోజుల్లో పోతే, ఆ సంగతి తనకు ఎనిమిది నెలల తర్వాత తెలిసిందట. ఆయన ఇల్లు ఎక్కడో తెలియదు, ఇంటిపేరు తెలియదు. ఫోనులో కూడా వేరే పేరుతో దాచుకున్న నంబరు. “ఆ ఇన్‌స్పెక్టర్ నన్ను అడిగినట్టే ఉంది” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా సన్నివేశం బాగాలేదనే అంటాను. ఒక సన్నివేశం మన పుండును తాకినంత మాత్రాన బాగా రాసినట్టు కాదు.

అతని రెండో అభ్యంతరం ఇంకా పాతది. “మళ్ళీ మనవాడే హంతకుడా?” అన్నాడు లైటు వెయ్యగానే. న్యాయమైన విసుగే. దశాబ్దాల తరబడి సినిమాల్లో మనలాంటివాడు కనిపిస్తే ఉరి వేసుకొనేవాడైనా అయ్యేవాడు, ఉన్మాది హంతకుడైనా అయ్యేవాడు, లేదంటే హీరో పక్కన నడుము తిప్పి నవ్వించేవాడు. తెలుగు తెర మీద మూడోదాన్ని ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. గేలను చంపే హంతకుడి కథతో తీసిన ‘క్రూజింగ్’ సినిమా షూటింగ్ జరుగుతున్నప్పుడు 1979లో న్యూయార్క్ వీధుల్లో జనం ఊరేగింపులు తీసింది ఈ కోపంతోనే. కానీ ఈ సినిమాలో హంతకుడు గే, హతుడు గే, సాక్షి గే, పొదల చాటున అందరినీ తొంగిచూస్తూ నవ్వు పుట్టించేవాడూ గే. మిషెల్ గే కావడం వల్ల చంపలేదు. విసుగు పుట్టి చంపాడు. ప్రియుడు వదలకుండా వెంటపడుతున్నాడు, తనకు ఫ్రాంక్ మీద కన్ను పడింది. ఇటువంటి హత్యలు మన జిల్లా ఎడిషన్లలో భార్యాభర్తల పేర్లతో వారానికొకటి వస్తాయి. అందరూ మనవాళ్ళే అయిన లోకంలో చెడ్డవాడు కూడా మనవాడే అవుతాడు. అదీ ఒక రకం సమానత్వమే అని నేనంటే, “నీ సమానత్వం తగలెయ్య” అని సూరిబాబు వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

మిషెల్ విషయంలో నాకున్న ఫిర్యాదు వేరే. అతనికి మీసం ఉంది, ఒళ్ళు ఉంది, ఈత వచ్చు. ఇంకేమీ లేదు. రాత్రికి కలిసి ఉండటానికి ఒప్పుకోడు, ఇంటికి రానివ్వడు. అతని గురించి ఫ్రాంక్‌కు తెలిసినదానికన్నా మనకు తెలిసేది ఒక్క ముక్క కూడా ఎక్కువ కాదు. కావాలనే అలా ఉంచారని తెలుసు. కానీ ఫ్రాంక్ ప్రాణాలకు తెగించేంత ఆకర్షణను ప్రేక్షకుడు కూడా కాస్త రుచి చూడాలి కదా. మీసం మాకు నచ్చకపోతే? (కార్తీక్‌కు అసలు నచ్చలేదు. “మా పెదనాన్నలా ఉన్నాడు” అన్నాడు. తర్వాత ఎంత ప్రయత్నించినా నాకు వేరేలా కనిపించలేదు.)

శృంగారం గురించి రెండు మాటలు. ఉంది, దాపరికం లేకుండా ఉంది. మరీ దగ్గరి దృశ్యాలకు నటుల బదులు డూపులను పెట్టారు. తడబాటు అక్కడే వచ్చింది. సినిమా అంతా దూరం నుంచి, ఒక మనిషి కంటి ఎత్తు నుంచి చూసే కెమెరా, ఆ నాలుగైదు షాట్లలో హఠాత్తుగా ఎవరి కళ్ళో కాని కళ్ళతో దగ్గరికి వెళ్ళిపోతుంది. తప్పు అశ్లీలంలో లేదు, అతుకులో ఉంది. ఆ షాట్లు తీసేసినా ఫ్రాంక్ తహతహ తగ్గదు. అతను నీళ్ళలోంచి మిషెల్ బయటకు రావడం చూసే చూపు చాలు. పియేర్ దలాదోన్‌షాం ఫ్రాంక్ పాత్రలో ఆ చూపులతోనే ఫ్రెంచి సినిమాలకిచ్చే సెజార్ అవార్డుల్లో ఆశాజనక నటుడి బహుమతి గెలుచుకున్నాడు. ఇక ఫ్రాన్సులో ఈ సినిమా పోస్టరు మీదే గొడవ జరిగింది. బొమ్మలో ఇద్దరు మగవాళ్ళు ముద్దు పెట్టుకుంటున్నారని వెర్సాయ్, సాంక్లూ పట్టణాల్లో దాన్ని గోడల మీంచి తీసేశారు. 1791 నాడే చట్టం మారిన దేశం అది. మన దగ్గర 2018లో మారింది. లెక్క మీరే వేసుకోండి.

అన్నిటికన్నా నాకు నచ్చినవాడు ఆన్రీ. ప్రతి బీచ్‌కూ ఒక ఆన్రీ ఉంటాడు. సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక గట్టు మీద రోజూ ఒకే చోట కూర్చొనే ఒక పెద్దాయన నాకు తెలుసు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకొని, చెప్పులు విప్పి వాటి మీదే కాళ్ళు పెట్టుకొని కూర్చుంటారు. మొక్కజొన్న పొత్తు కొంటారు, సగం తిని మిగతాది కాగితంలో చుట్టి పెట్టుకుంటారు. ఎవరైనా పలకరిస్తే మాట్లాడతారు, లేకపోతే ఓడల దీపాలు లెక్కపెడతారు. ఆయన అక్కడికి ఎందుకు వస్తారో నేను అడగలేదు, ఆయన నన్ను అడగలేదు. ఆన్రీ కూడా అంతే. అడవిలోకి వెళ్ళడు, ఎవరినీ ఆశించడు, ఫ్రాంక్ పక్కన కూర్చొని నాలుగు మాటలు మాట్లాడితే చాలనుకుంటాడు. పాత్రిక్ దసూంసావ్ ఆ మనిషిని కూర్చోవడంతోనే నటించాడు. ఒళ్ళు ఆశించని స్నేహం ఒకటి అక్కడ ఉండబట్టే మిగతావాళ్ళ ఒంటరితనం మనకు కనిపిస్తుంది.

అటువంటి ఆన్రీని చివర్లో సినిమా ఏం చేసింది? మిషెల్ దగ్గరికి వెళ్ళి, నువ్వేం చేశావో నాకు తెలుసు అని చెప్పి, లేచి అడవిలోకి నడుస్తాడు. మిషెల్ వెనకాలే వెళ్ళి గొంతు కోస్తాడు. కొనఊపిరితో ఉన్న ఆన్రీ, తాను కోరుకున్నదే జరిగిందన్నట్టు ఫ్రాంక్‌తో మాట్లాడతాడు. గొప్ప త్యాగమని చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం మోసపోయినట్టు అనిపించింది. గంటన్నర సేపు ఓపికగా, ఒక్కొక్క మాటా పేర్చి నిలబెట్టిన మనిషిని కథ ముగించాల్సిన తొందరలో ఖర్చుపెట్టేశారు. ఆ వెంటనే ఇన్‌స్పెక్టర్‌కు కత్తిపోటు. హత్యను అంత దూరం నుంచి, అంత నిదానంగా చూపించినవాడు చివరి పది నిమిషాల్లో రక్తాన్ని దగ్గరికి తెచ్చి మామూలు థ్రిల్లర్ల దారి పట్టాడు.

అయితే ఆ తర్వాత ఉంది చూడండి, అక్కడ మళ్ళీ దారిలోకి వచ్చాడు. చీకటి. ఫ్రాంక్ పొదల్లో దాక్కున్నాడు. మిషెల్ అతని పేరు పెట్టి పిలుస్తూ వెతుకుతున్నాడు. ఈ రాత్రి కలిసి ఉందామని ఆశ పెడుతున్నాడు. తర్వాత పిలుపు ఆగిపోయింది. ఆకుల చప్పుడు. తెర మీద ఏమీ కనిపించదు. చాలాసేపు నక్కి ఉన్న ఫ్రాంక్ లేచి నిలబడి, మెల్లగా, “మిషెల్?” అంటాడు. జవాబు రాదు. మళ్ళీ పిలుస్తాడు. సినిమా ఐపోతుంది.

సినిమా మొత్తంలో చెప్పవలసిన మాట చెప్పని నోరు చివరికి తెరుచుకొని పలికింది హంతకుడి పేరు. మొదటిసారి చూసినప్పుడు దాన్ని కూడా భయమనే అనుకున్నాను. సూరిబాబు ప్రొజెక్టర్ ఆపాక చాలాసేపు ఎవరం లైటు వెయ్యలేదు. కార్తీక్ చిప్స్ పొట్లం మడతపెడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

తర్వాత ముగ్గురం బండ్ల మీద బీచ్ రోడ్డుకు వెళ్ళాం. తెన్నేటి పార్కు దగ్గర ఆగి గట్టు ఎక్కి కూర్చున్నాం. వాన వెలిసి గాలి చల్లగా ఉంది. కింద రాళ్ళ దగ్గర ఎవరో ఇద్దరు నిలబడి ఉన్నారు. మనుషులని తెలుస్తోంది, ముఖాలు తెలియడం లేదు. కార్తీక్ అటే చూస్తున్నాడు.

“అన్నా, మీరైతే చెప్పేవారా?” అని అడిగాడు.

2018కి ముందైతే ఒక సెక్షను, తర్వాతైతే ఇంకొకటి అని మొదలుపెట్టాను. సహేతుకమైన కారణం అంటే ఏమిటో, దాన్ని రుజువు చేసుకొనే భారం ఎవరి మీద ఉంటుందో కూడా చెప్పాను.

“నేను సెక్షను అడగలేదన్నా” అన్నాడు.